గోల్‌కీపరు గారి ప్రమోషన్

కొత్తగట్టు విత్తన గిడ్డంగుల సంస్థ ఫుట్‌బాల్ జట్టు రెండో డివిజన్ గెలిచి మొదటి డివిజన్‌లోకి వెళ్లిందన్న వార్తను ఆ ఊరు మూడు రోజులు పండగ చేసుకుంది. నాలుగో రోజున వార్త సంస్థ ప్రాంతీయ కార్యాలయానికి చేరింది. అంతటితో పండగ ముగిసింది.

ఆ జట్టుకు కోచ్ గాదె ఓదెలు. గిడ్డంగిలో కాటాలు బాగుచేసే మెకానిక్కు. వయసు యాభై ఒకటి. ఒకప్పుడు తనూ బాగానే ఆడేవాడు, మోకాలు విరిగి మానుకున్నాడు. పన్నెండేళ్లుగా డ్యూటీ దిగగానే నాలుగో నంబరు గోదాము వెనక ఎర్రమట్టి మైదానంలో హమాలీలనూ గుమాస్తాలనూ వాచ్‌మన్లనూ పోగేసి ఆట నేర్పుతున్నాడు. బస్తాలు మోసిన కాళ్లు కాబట్టి వాళ్లను పడగొట్టడం ఎవరివల్లా అయ్యేది కాదు.

వాళ్లలో ఇద్దరి గురించి ముందే చెప్పుకోవాలి. ఒకడు హనీఫ్. లారీల దగ్గర బస్తాలు లెక్కపెట్టే గుమాస్తా, ఇరవై ఏడేళ్లవాడు, ఫార్వర్డు. ఆ ఏడాది జట్టు కొట్టిన నలభై గోల్స్‌లో ఇరవై ఆరు అతనివే. రెండోవాడు రాయలింగు. హమాలీ, గోల్‌కీపరు, చాటలంత అరచేతులు. తొమ్మిదేళ్లుగా గోల్ ముందు నిలబడి, బంతి వస్తే ఆపడం తప్ప ఇంకో పని ఎరగడు.

రాష్ట్ర జట్టుకు మనుషుల్ని ఏరే సెలెక్టర్లు మొదటి డివిజన్ మ్యాచులకే వస్తారు. రెండో డివిజన్ వైపు తొంగి కూడా చూడరు. ఓదెలు తాపత్రయమంతా అందుకే. “హనీఫ్‌గాడు ఒక్కసారి వాళ్ల కండ్లల్ల పడితే సాలు. నేను పోని కాడికి వాడు పోతడు” అని పెళ్లాంతో ఎన్నోసార్లు అన్నాడు.

లీగ్ సంఘం పంపిన ఉత్తరంలో రెండే వాక్యాలున్నాయి. మీ జట్టుకు మొదటి డివిజన్‌కు ప్రమోషన్ లభించింది. అభినందనలు. ప్రాంతీయ కార్యాలయంలో తపాలా విప్పే గుమాస్తా దాన్ని చదివి, ‘ప్రమోషన్’ అన్న మాట కింద ఎర్రగీత గీసి, ఉద్యోగుల వ్యవహారాల సెక్షన్‌కు పంపాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. ఆటల సెక్షన్ అనేది ఆ కార్యాలయంలో లేదు.

ఆ సెక్షన్‌కు సూపరింటెండెంటు వైకుంఠం గారు. ముప్ఫై ఒక్క సంవత్సరాల సర్వీసు. తన చేతుల మీదుగా నాలుగు వందల ప్రమోషన్లు ఇచ్చారు, అంతకు రెట్టింపు ఆపారు. ప్రమోషన్ అన్న మాటకు ఇంకో అర్థం ఉండగలదని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినేవారు కారు.

ఓదెలుకు కబురొచ్చింది. సన్మానం కోసం పిలిచారనుకుని ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వెళ్లాడు.

“కూర్చోండి ఓదెలూ. మీ జట్టు మీద శాఖాపరమైన విచారణలేవైనా పెండింగులో ఉన్నాయా?” అని అడిగారు వైకుంఠం గారు.

“ఇచారణేంది సార్. మేం గెల్చినం.”

“గెలవడం వేరు, అర్హత వేరు. గడచిన సంవత్సరంలో శిక్షలేమైనా పడ్డాయా?”

ఓదెలు ఆలోచించాడు. “ఏడు ఎల్లో కార్డులు సార్. ఒక రెడ్ కార్డు. ఒక్క మ్యాచ్ ఆపి మళ్ల ఆడనిచ్చిన్రు.”

వైకుంఠం గారు రాసుకున్నారు. మెమోలు ఏడు. సస్పెన్షన్ ఒకటి, అనంతరం ఎత్తివేయబడినది. తరువాత కాగితం ఓదెలు వైపు తిప్పి, “ప్రమోషన్‌ను అంగీకరించి కొత్త హోదాలో చేరినట్లు ఇక్కడ సంతకం పెట్టండి” అన్నారు. ఓదెలు పెట్టాడు. మొదటి డివిజన్‌లో చేరుతున్నామని సంతకం పెట్టడానికి ఏ కోచ్ వెనకాడతాడు?

వారం తిరక్కుండా ఉత్తర్వులు వచ్చాయి. నోటీసు బోర్డు చుట్టూ మూగిన హమాలీలకు ఓదెలే చదివి వినిపించాడు.

‘జట్టుకు ప్రమోషన్ లభించి, జట్టులోని సభ్యులు మాత్రం పాత హోదాలలోనే కొనసాగుట న్యాయసమ్మతం కాదు. ముఖ్యముగా గోల్‌కీపరు తొమ్మిది సంవత్సరములుగా ఒకే పోస్టులో ప్రమోషన్ లేకుండా మగ్గుచుండుటను ఈ కార్యాలయం తీవ్రముగా పరిగణించినది. కావున గోల్‌కీపరును బ్యాకుగాను, ముగ్గురు బ్యాకులను హాఫ్ బ్యాకులుగాను, నలుగురు హాఫ్ బ్యాకులను ఫార్వర్డులుగాను ప్రమోట్ చేయడమైనది. ముగ్గురు ఫార్వర్డులను పర్యవేక్షక హోదాలోకి తీసుకొనడమైనది. ఖాళీ అయిన గోల్‌కీపరు పోస్టును నేరుగా భర్తీ చేయుటకు ప్రతిపాదనలు ప్రధాన కార్యాలయమునకు పంపబడినవి.’

ఓదెలు రెండుసార్లు చదివాడు. తరువాత బోర్డు మీంచి ఆ కాగితం పీకి చేతపట్టుకుని కార్యాలయం మెట్లెక్కాడు.

“సార్, ఆటల ఒక్కొక్కడు ఒక్కొక్క పని చేస్తడు. గోల్‌కీపర్ అంటే కింది పోస్టు గాదు. వాని పని అది.”

“ఇలాంటి మాటలవల్లే మనుషులు ఒకే కుర్చీలో ముసలివాళ్లవుతున్నారు” అన్నారు వైకుంఠం గారు బాధగా. “అందరికంటే వెనక నిలబెట్టారు. మైదానంలో పదిమంది పరుగెత్తుతుంటే ఒక్కడికే పరుగెత్తే అవకాశం ఇవ్వలేదు. అది కింది పోస్టు కాదని ఎలా అంటారు?”

“మరి ఫార్వర్డులను కుర్చీల కూసుండబెడితే గోల్ ఎవడు కొడతడు సార్?”

“వాళ్లు ముందే అందరికంటే ముందున్నారు. వాళ్ల ముందు ఇంకేముంది?”

“గోల్ ఉంది సార్.”

“ఆ గోల్ అవతలి సంస్థది. అక్కడికి మన సిబ్బందిని పంపాలంటే డెప్యుటేషన్ కావాలి.”

ఓదెలు వేళ్లు మడవసాగాడు. లెక్క వేసుకుంటే మైదానంలో మిగిలేది ఎనిమిది మంది. ఒక బ్యాకు, ముగ్గురు హాఫులు, నలుగురు ఫార్వర్డులు. ఆ మాటే అన్నాడు. పదకొండు మందీ విధుల్లోనే ఉన్నారనీ, ముగ్గురు పై స్థాయిలో ఉన్నారనీ జవాబు వచ్చింది. జట్టులో అదనంగా ఉన్న ఇద్దరినీ ఆడిద్దామంటే వాళ్లు రోజు కూలీలు, రెగ్యులర్ ఖాళీల్లో వాళ్లను వాడకూడదు.

ఓదెలు తనవైపు రాయలింగు అయినా ఉంటాడనుకున్నాడు. రాయలింగు ఇంటికి వెళ్లేసరికి అతని భార్య లస్మక్క వాడకట్టంతా బెల్లం ముక్కలు పంచుతోంది.

“నీకన్న అర్థమైతుందారా? నువ్వు లేకపోతే గోల్ కాడ ఎవ్వడు లేడు” అన్నాడు ఓదెలు.

రాయలింగు చేతులు చూసుకున్నాడు. “అన్నా, తొమ్మిదేండ్లు. బాల్ నా దిక్కు వచ్చిందంటే ఎవడో నన్ను ఓడగొట్టనీకి వచ్చినట్టే. ఒక్కనాడన్న ఒక్కడన్న నాకు పాస్ ఇచ్చిండా? ఇప్పుడిస్తరు.”

ఓదెలు బెల్లం ముక్క నోట్లో వేసుకుని వచ్చేశాడు.

మొదటి మ్యాచ్‌కు ఊరు ఊరంతా కదిలింది. గీత పక్కన మూడు కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ, మూడు గ్లాసుల నీళ్లు. హనీఫ్ బూట్లు కట్టుకుని, మేజోళ్లు మోకాళ్ల దాకా లాక్కుని, మధ్య కుర్చీలో కూర్చున్నాడు. కొత్త ఫార్వర్డులు గోల్ వైపు కొట్టే ప్రతి తన్నుకూ ముందు పర్యవేక్షకుడి అనుమతి తీసుకోవాలన్నది ఉత్తర్వు. గోల్‌కీపరు పోస్టు పూర్తి అదనపు బాధ్యతలు హాఫ్ బ్యాకు సమ్మయ్యకు ఇచ్చారు. అదనపు బాధ్యత అంటే అసలు బాధ్యత వదలకూడదు కాబట్టి అతను మైదానం నడుమ కొంతసేపు, గోల్ దగ్గర కొంతసేపు ఉండేవాడు. అతను నడుమ ఉన్నప్పుడు పోస్టు కాగితం మీదే కాదు, కళ్లెదుట కూడా ఖాళీగా కనిపించేది.

హైదరాబాద్ నుంచి సన్నగా ఒక సెలెక్టరు వచ్చాడు. చేతిలో చిన్న నోటు పుస్తకం. ఓదెలు పక్కన నిలబడి, “ఇరవై ఆరు గోల్స్ కొట్టిన హనీఫ్ అంటే ఎవరండీ?” అని అడిగాడు.

“అగో, నడుమ కుర్చీల కూసున్నడు సార్.”

“దెబ్బ తగిలిందా?”

“లేదు సార్. ప్రమోషన్ అయింది.”

“ఇప్పుడేం చేస్తున్నాడు?”

ఓదెలు నేల చూశాడు. “పర్యవేక్షిస్తున్నడు సార్.”

సెలెక్టరు ఏదో రాసుకుని, సగం ఆటకే బస్సు పట్టుకు వెళ్లిపోయాడు. రెండో సగంలో ఒకసారి బంతి కొత్త ఫార్వర్డు కాళ్ల దగ్గరికి వచ్చింది. ఎదురుగా ఖాళీ. అతను బంతి మీద కాలు పెట్టి హనీఫ్ వైపు చూశాడు. హనీఫ్ లేచి నిలబడి, “కొట్టురా” అని అరిచాడు. నోటి మాట చాలా, కాగితం కూడా కావాలా అని అతను సందేహించాడు. ఆ సందేహం తీరేలోపు ఎదుటివాళ్లు బంతి లాక్కుపోయి, సమ్మయ్య ఇంకా పరుగెత్తి వస్తుండగానే, గోల్ కొట్టేశారు. అది పదకొండోది. మన లెక్క సున్నా.

కార్యాలయం కంగారు పడలేదు. పదకొండు గోల్స్‌కు కారణం ఏమిటో సమీక్షించి రెండు రోజుల్లో కనిపెట్టింది. పాత గోల్‌కీపరు కొత్త ఇన్‌ఛార్జికి గోల్‌ను లిఖితపూర్వకంగా అప్పగించలేదు. చార్జ్ అప్పగించకుండా వెళ్లిపోయిన పోస్టులో నష్టం జరగక ఏమవుతుంది? అప్పగింత కోసం ఇద్దరు గుమాస్తాలు టేపు పట్టుకుని మైదానానికి వచ్చారు. నిలువు కమ్మీలు రెండు, అడ్డకమ్మీ ఒకటి అని రాశారు. వల దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు.

“దీనికి చిల్లులున్నాయి” అన్నాడు ఒక గుమాస్తా.

“వలకు చిల్లులే ఉంటయి సార్” అన్నాడు రాయలింగు.

“మీరు చార్జ్ తీసుకున్నప్పుడు ఎన్ని ఉన్నాయి?”

రాయలింగు వాటిని ఎన్నడూ లెక్కపెట్టలేదు. గుమాస్తాలిద్దరూ మధ్యాహ్నం దాకా లెక్కపెట్టారు. రెండు వేల నూట పదహారు తేలాయి. వాటిలో ఒక్కటి మాత్రం పెద్దది, హనీఫ్ కొట్టిన బంతి దూసుకుపోతే పడ్డది. దాన్ని వదిలేసి, మిగతా రెండు వేల నూట పదిహేనింటికి రాయలింగు సంజాయిషీ ఇవ్వాలని రాసుకుపోయారు. పెద్ద చిల్లును వదిలెయ్యడానికి కారణం అది మిగతా వాటితో కొలత కలవకపోవడం.

రెండో మ్యాచ్ ఆరు సున్నాతో, మూడోది ఎనిమిది సున్నాతో పోయాయి. నాలుగో మ్యాచ్‌లో చిన్న అపశ్రుతి జరిగింది. రాయలింగుకు ఎవరో నిజంగానే పాస్ ఇచ్చారు. తొమ్మిదేళ్లలో మొదటిసారి కాళ్ల దగ్గరికి బంతి వచ్చేసరికి ఆ సంతోషం పట్టలేక, ఉన్నచోటి నుంచే బలమంతా పెట్టి తన్నాడు. అది మైదానం దాటుకుంటూ వెళ్లి, ఒకసారి నేలకు తగిలి ఎగిరి, ఎదుటి గోల్‌కీపరు నెత్తి మీదుగా వలలో పడింది. ఆ రోజు వాన పడి మైదానం బురదైపోవడంతో ఎదుటివాళ్లు కూడా ఒక్కటే కొట్టగలిగారు. ఒకటి ఒకటితో ఆట ముగిసింది. జట్టుకు ఒక పాయింటు దక్కింది. హమాలీలు రాయలింగును భుజాల మీద మోసుకెళ్లారు.

మర్నాడే మెమో వచ్చింది. బ్యాకు హోదాలో ఉండి, తనకంటే రెండు మెట్లు పైనున్న ఫార్వర్డుల విధిని, వారి అనుమతి గానీ పర్యవేక్షకుని అనుమతి గానీ లేకుండా నిర్వర్తించినందుకు, మొదటి డివిజన్‌లో నలభై ఏళ్ల సీనియారిటీ గల ప్రత్యర్థి జట్టుకు అగౌరవం కలిగించినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.

రాయలింగు ఆ కాగితం తీసుకుని ఓదెలు ఇంటికి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. “నేను బాల్‌ను మన దిక్కు నుంచి ఎల్లగొట్టిన, గంతే. అది దానంతటదే పోయి వడ్డది అని రాయన్నా.”

“నీకు సంబురం కాలేదారా అది పడ్డప్పుడు?”

“అయింది. అది మాత్రం రాయకు.”

ఓదెలు అలాగే రాసిచ్చాడు. గోల్ ఉద్దేశపూర్వకం కాదని కార్యాలయం తృప్తిపడి, మందలింపుతో సరిపెట్టింది. అప్పట్నుంచి రాయలింగు బంతి తన దగ్గరికి వస్తే పక్కకు తప్పుకునేవాడు.

హనీఫ్ మాత్రం రోజురోజుకూ తరిగిపోతున్నాడు. కుర్చీలో కూర్చున్నా అతని కాళ్లు ఆగేవి కావు. ఆట సాగినంతసేపూ బల్ల కింద మట్టిని తన్నుతూనే ఉండేవాడు. ఆరో మ్యాచ్ అయ్యేసరికి అక్కడ మోకాలి లోతు గుంట పడింది. “అన్నా, నాకీ ప్రమోషన్ వద్దని రాసిస్తా” అన్నాడు ఓదెలుతో. ఓదెలు వెళ్లి అడిగాడు. ప్రమోషన్ వదులుకునే నియమం ఉందనీ, అది పదిహేను రోజుల్లోపు చెయ్యాలనీ, ఇంతకుముందు ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదనీ వైకుంఠం గారు చెప్పారు.

ఇక ఒకటే మ్యాచ్ మిగిలింది. చక్కెర మిల్లు జట్టుతో. మిల్లు వాళ్లకు రెండు పాయింట్లు, మనవాళ్లకు ఒకటి. ఎనిమిది జట్లలో ఆఖరున ఉన్న ఒక్క జట్టు రెండో డివిజన్‌కు దిగిపోతుంది. గెలిస్తే మనం ఉంటాం, లేకపోతే వాళ్లుంటారు.

ఓదెలు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు పొద్దున్నే కార్యాలయానికి వెళ్లి, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

“సార్, సెలవు మీదున్నోడు ఏ హోదాల ఉన్నట్టు?”

“సెలవులో ఉన్న ఉద్యోగి విధుల్లో లేనట్టు. విధుల్లో లేనివాడు ఎక్కడ నిలబడినా, కూర్చున్నా, సంస్థకు సంబంధం లేదు” అన్నారు వైకుంఠం గారు ఫైలులోంచి తల ఎత్తకుండా.

ఆ మధ్యాహ్నమే పదకొండు సెలవు చీటీలు ఆయన బల్ల మీదికి వచ్చాయి. అన్నింటిలోనూ ఒకటే చేతిరాత, ఒకటే కారణం, సొంత పని. పదకొండు మందికీ సెలవులు మిగిలే ఉన్నాయి. ఇవ్వకూడదన్న నియమం ఎక్కడా లేదు. ఆయన సంతకాలు పెట్టారు.

ఆ శనివారం సాయంత్రం బల్ల లేదు, కుర్చీలు లేవు. హనీఫ్ మైదానంలోకి నడిచి వస్తుంటే బస్తాల గుట్టల మీద కూర్చున్న జనం ఒక్కసారిగా ముందుకు వంగారు. రాయలింగు గోల్ దగ్గరికి వెళ్లి, రెండు కమ్మీలనూ ఒకదాని తరువాత ఒకటి చేత్తో తడిమి, తన చోట నిలబడ్డాడు. ఆ తరువాత గంటన్నర పాటు వాళ్లు ఆడిన ఆట గురించి కొత్తగట్టులో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏడు నెలలు కుర్చీలో దాచిపెట్టిన పరుగంతా హనీఫ్ ఆ రోజే తీసేశాడు. మొదటిది తలతో, రెండోది ఎడమ కాలితో, మూడోది ముగ్గురిని దాటుకుంటూ వెళ్లి. మధ్యలో మిల్లు వాళ్లకు పెనాల్టీ వస్తే రాయలింగు ఎగిరి బంతిని గాల్లోనే ఒడిసిపట్టి, కిందపడ్డాక కూడా వదలకుండా గుండెలకు హత్తుకుని పడుకున్నాడు. రెఫరీ వచ్చి అడిగేదాకా ఇవ్వలేదు.

మూడు ఒకటితో గెలిచారు. ఓదెలు గీత పక్కన కూలబడి, తువ్వాలు ముఖానికి కప్పుకున్నాడు.

సోమవారం ఉదయం కార్యాలయం నుంచి లీగ్ సంఘానికి ఒక ఉత్తరం వెళ్లింది. ‘గత శనివారం నాటి మ్యాచ్‌లో మా సంస్థ తరఫున ఆడినట్లు చెప్పబడుతున్న పదకొండు మంది ఆ రోజు సెలవులో ఉన్నారని తెలియజేయడమైనది. విధుల్లో ఒక్కరూ లేనందున మా జట్టు గైర్హాజరైనట్లుగా భావించి, తగు చర్య తీసుకొనవలసిందిగా కోరడమైనది.’

గెలిచిన జట్టు తనే వచ్చి ఓడించమని అడగడం లీగ్ సంఘం చరిత్రలో అదే మొదటిసారి. సంఘం కార్యదర్శి ఆ నిజాయితీకి కదిలిపోయి, మ్యాచ్‌ను మిల్లు జట్టుకు మూడు సున్నాతో ఇచ్చేసి, మన సంస్థకు ప్రశంసాపత్రం పంపాడు. దాన్ని చట్రం కట్టించి ప్రాంతీయ మేనేజరు గారి గదిలో తగిలించారు.

ఓదెలు వెళ్లి వైకుంఠం గారి ఎదుట నిలబడ్డాడు. తిట్టాలనే వెళ్లాడు.

“ఓదెలూ, మీ గెలుపు మీద నాకేం వ్యతిరేకత లేదు” అన్నారు ఆయన మెల్లగా. “కానీ దాన్ని ఏ ఫైలులో పెట్టను?”

“మూడు గోల్స్ కొట్టిండు సార్ వాడు.”

“సెలవులో కొట్టాడు.”

ఆ మనిషి ముఖంలో వెటకారం లేదు, పగ లేదు. నిజంగానే ఫైలు కోసం వెతుకుతున్న ముఖం. ఓదెలుకు తిట్టడానికి ఏమీ దొరకలేదు. ఇంటికి వచ్చి హైదరాబాద్ సెలెక్టరుకు ఫోన్ చేశాడు. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. లీగ్ వాళ్లు పంపిన పట్టిక తన ముందే ఉందనీ, హనీఫ్ పేరు పక్కన మొదటి డివిజన్ గోల్స్ అన్న గడిలో సున్నా ఉందనీ, మరీ కావాలంటే పర్యవేక్షకుల ఎంపికకు ఎవరినైనా అడిగి చెబుతాననీ అన్నాడు. ఓదెలు ఆ మాట హనీఫ్‌కు చెప్పలేదు. హనీఫ్ అడగలేదు.

రెండో డివిజన్‌కు దిగిపోవడాన్ని కార్యాలయం హోదా తగ్గింపుగా, అంటే పెద్ద శిక్షగా పరిగణించింది. పదకొండు మందినీ వరసగా నిలబెట్టి, వైకుంఠం గారు గంభీరమైన గొంతుతో ఉత్తర్వులు చదివారు. ప్రతి ఒక్కరినీ పాత పోస్టుకు దించడమైనది. తలలు వంచుకుని వినాలని ముందే చెప్పారు కాబట్టి అందరూ వంచుకున్నారు. హనీఫ్ సంతకం పెడుతుంటే కలం ములికి కాగితాన్ని చీల్చుకుని బల్లకు దిగింది. లస్మక్క మాత్రం వారం రోజులు వాడకట్టులోకి రాలేదు. మొదటి డివిజన్ జట్టును నడిపిన అనుభవం కింద వైకుంఠం గారికి అసిస్టెంటు మేనేజరుగా ప్రమోషన్ వచ్చింది.

మరుసటి ఏడాది జట్టు మళ్లీ పాత జట్టైంది. హనీఫ్ కొట్టాడు, రాయలింగు ఆపాడు. ఆఖరి మ్యాచ్ నాటికి పరిస్థితి సూటిగా ఉంది. గెలిస్తే మొదటి డివిజన్. సమానంగా ముగిస్తే ఉన్నచోటే.

ఆ రోజు వైకుంఠం గారు ముఖ్య అతిథిగా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. ఒళ్లో పెద్ద ఫైలు. సగం ఆటప్పుడు ఓదెలును పిలిచి ఆప్యాయంగా చెప్పారు. “పోయినసారి ఉత్తర్వులకు వారం ఆలస్యమైంది. ఈసారి ముందే టైపు చేయించి తెచ్చాను. ఈల పడగానే ఇచ్చేస్తాను. మిమ్మల్ని కూడా మరచిపోలేదు. కోచ్ పైన జట్టులో పోస్టు లేదు కాబట్టి, మిమ్మల్ని ప్రధాన కార్యాలయానికి బదిలీ చేస్తున్నాం.”

“అక్కడ నేనేం జెయ్యాలె సార్?”

“అది అక్కడ చెబుతారు.”

ఆట ఒకటి ఒకటి మీద నడుస్తోంది. ఇక రెండు నిమిషాలే ఉన్నాయి. రాయలింగు విసిరిన బంతి సమ్మయ్య కాలికి తగిలి హనీఫ్ ముందు పడింది. హనీఫ్ ఒకణ్ని దాటాడు, ఇంకొకణ్ని దాటాడు, ముందుకు వచ్చిన గోల్‌కీపరును కూడా దాటాడు. ఎదురుగా రెండు కమ్మీలు, వల, మధ్యలో ఎవరూ లేరు. హనీఫ్ బంతి మీద కాలు పెట్టి ఆగాడు. ఓదెలు వైపు చూశాడు.

ఇన్నేళ్లుగా ఆ చోట ఓదెలు నోటి నుంచి వచ్చిన మాట ఒకటే, “కొట్టురా” అని. ఇప్పుడు కూడా అది గొంతు దాకా వచ్చింది. అతని పక్కన, గీతకు రెండు గజాల దూరంలో, ఫైలు తాడు విప్పుతున్న చప్పుడు వినబడింది. ఓదెలు కిందికి వంగి, బాగానే ఉన్న బూటు లేసును విప్పి మళ్లీ కట్టుకోసాగాడు.

హనీఫ్ అర్థం చేసుకున్నాడు. తొందరపడలేదు. బంతిని కుడికాలి పక్కకు సర్దుకుని, కొలిచినట్టు, కమ్మీకి సరిగ్గా గజం బయటి నుంచి దొర్లించాడు. అది నెమ్మదిగా గీత దాటి పోయి, గడ్డిలో ఆగింది. ఈల పడింది.

రాయలింగు తన గోల్ వదిలి మైదానమంతా అడ్డంగా పరుగెత్తుకొచ్చి హనీఫ్‌ను రెండు చేతులా పైకెత్తాడు. మిగతావాళ్లు వచ్చి మీద పడ్డారు. బస్తాల మీది హమాలీలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎదుటి జట్టువాళ్లు ఎవరు గెలిచారో తెలియక ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

“అయ్యో, వెంట్రుకవాసిలో పోయింది” అన్నారు వైకుంఠం గారు ఫైలుకు తాడు చుడుతూ. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. “వచ్చే ఏడాదికి కాస్త గట్టిగా శిక్షణ ఇవ్వండి ఓదెలూ.”

“అట్లనే సార్” అన్నాడు ఓదెలు.

ఓదెలు మాట నిలబెట్టుకునే మనిషి. మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగగానే మైదానానికి వెళ్లి, గోల్ కమ్మీకి గజం బయట ఒక ఇటుక పాతి, జట్టును వరసగా నిలబెట్టాడు. లోపలికి కొట్టడం వాళ్లకు ఎలాగూ వచ్చు. ఎవరికీ అనుమానం రాకుండా బయటికి కొట్టడం అంతకంటే కష్టం. మొదటి రోజు హనీఫ్ ఒక్కడే ఇటుకను తగిలించగలిగాడు. మిగతా వాళ్ల బంతులన్నీ గోల్‌లో పడ్డాయి.